రంగు ఎంత దూరం ఎగురుతుంది

మా ఇంట్లో థిన్నర్ సీసా ఉండకూడదు. గోళ్లరంగు ఉండకూడదు, ఫినాయిలు ఉండకూడదు, దేవుని దగ్గర ఊదుబత్తి కూడా ముట్టించకూడదు. ఈ నియమాలన్నీ నేను పెట్టినవే. మా ఆయన ఒక్కటి కూడా పెట్టలేదు. ఆయన పట్నంలో ఒక షెడ్డులో ఇరవై ఏళ్లు కార్లకూ లారీలకూ గన్నుతో రంగు కొట్టి, ఊపిరి సగం అక్కడే పోగొట్టుకుని, నాలుగేళ్ల కింద నారాయణఖేడ్‌కు తిరిగి వచ్చాడు. వచ్చిన నెలలోనే సంగారెడ్డి దవాఖానకు పోయాం. నేను బయట మందుల వరుసలో నిలబడ్డాను, ఆయన ఒక్కడే డాక్టరు గదిలోకి పోయాడు. బయటికి వచ్చి, "ఇగ రంగు గాలి తగలొద్దంట. తగిలితే లేపుడు కష్టమంట" అన్నాడు. అంతే చెప్పాడు. ఆ మాట విన్న రోజు నుంచి నా చెవి ఎప్పుడూ ఆయన రొమ్ము మీదే ఉంది. వంట చేస్తూ వింటాను, పిల్లలకు పాట చెబుతూ కూడా ఇంటి దిక్కు వింటాను.

నేను అంగన్‌వాడీ టీచర్ని. నాకు నోరెక్కువ. ఆ సంగతి మా వీధి అందరికీ తెలుసు, కొత్తగా దాచేదేమీ లేదు. నోటితో పాటు చేతులు కూడా ఊరుకోవు. పగిలిన స్టూలు కనబడితే ఇంటికి తెచ్చుకుంటాను. నూనె డబ్బా కనబడితే తెచ్చుకుంటాను. గరుకు కాగితం పెట్టి తుప్పు గీకి, రంగు వేసి, ఎవరికైనా ఇచ్చేస్తాను. ఎందుకంటే చెప్పలేను. పాతదాని మీద కొత్త రంగు ఆరుతున్నప్పుడు చూస్తూ కూర్చుంటే నాకు పానం నిమ్మళంగా ఉంటుంది.

ఆ నిమ్మళం ఒకసారి ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. రెండేళ్ల కింద, ఒక స్టూలుకు ఆయిలు పెయింటు వేద్దామని రెండు చెంచాల థిన్నర్ కలిపాను. పెరట్లోనే, బయటి గాలిలోనే. ఆయన ముందు గదిలో పడుకుని ఉన్నాడు. గాలి ఇంటి దిక్కు మర్రిందో ఏమో, పది నిమిషాలకు లోపలి నుంచి మంచం కిర్రుమన్న చప్పుడు. పోయి చూస్తే రెండు చేతులూ మంచం పట్టె మీద ఆనించి, మెడ ముందుకు చాచి కూర్చున్నాడు. నోరు తెరిచి ఉంది, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. ఆటోలో దవాఖానకు తీసుకుపోతూ దారంతా నేను ఆయన గోళ్లు చూస్తూనే ఉన్నాను, నీలమెక్కుతున్నాయేమోనని. రెండు రోజులు ముక్కుకు గొట్టం పెట్టి ఉంచారు. ఇంటికి వచ్చాక ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ తర్వాత నీళ్లలో కలిపే రంగులే వాడాను, బ్రష్షుతోనే వేశాను. అలాగే గడిచిపోయేది కూడా. కానీ మా అమ్మ కుట్టుమిషన్ మా ఇంటికి వచ్చింది. పైన మిషను ఎప్పుడో పాడైంది, కింద ఇనుప కాళ్లు మాత్రం గట్టిగా ఉన్నాయి. ఆ కాళ్ల నిండా పోత పోసిన తీగలూ, ఆకులూ, మధ్యలో సందులూ. పైన ఒక చెక్క పెడితే మంచి టేబులు అవుతుంది. బ్రష్షు పెట్టి వేస్తే ఆకుల మీద రంగు దిట్టంగా పేరుకుంటుంది, సందుల్లోకి మాత్రం పోదు. మూడుసార్లు వేశాను, మూడుసార్లు గీకేశాను. దానికి గన్నే కావాలి. మా ఆయన అయితే చాయ చల్లారేలోపు కొట్టి పక్కన పెట్టేవాడు. ఆయనను అడగాలన్న ఆలోచన వచ్చినందుకే నన్ను నేను తిట్టుకున్నాను.

ఇంట్లో ఊపిరి అందని మనిషిని పెట్టుకుని రంగు కొట్టే గన్ను కొనాలనుకునే ఆడదాన్ని ఏమనాలి? నేనే ఇంకొకరిని చూసి ఉంటే చెడామడా తిట్టేదాన్ని. కానీ మనసు ఒకదాని మీద పడితే అది చూసే కారణాలే వేరు. నీళ్ల రంగే కదా, వాసన రాదు కదా, మిద్దె మీద కొడతాను కదా, ఆయన ఇంట్లో లేని రోజు కొడతాను కదా. ఇలా ఒక్కో కారణం చెప్పుకుంటూ నెల రోజులు ఫోన్లో వీడియోలు చూశాను. చప్పుడు బయటికి రాకుండా ఫోను గొంతు నొక్కి చూశాను. గన్ను చప్పుడు వింటే ఆయన నిద్రలో కూడా గుర్తుపడతాడు.

వీడియోల్లో మనుషులకు పెద్ద పెద్ద గదులు, గాలి లాగే ఫ్యాన్లు. ఒకాయన నొక్కితే రంగు చిమ్మే డబ్బా బాగుంటుందంటాడు. ఇంకొకాయన డబ్బా పిల్లల ఆటకు పనికొస్తుంది, కంప్రెషర్ కొనుక్కోమంటాడు. రంగు నున్నగా వస్తుందా, ఎంత తొందరగా అవుతుంది, ఎంత కరెంటు తింటుంది, ఇవే అందరి మాటలు. నాకు కావాల్సిన మాట ఎవరూ చెప్పలేదు. వస్తువు మీద పడని రంగు ఎటు పోతుంది? ఎంత దూరం పోతుంది? ఎంతసేపు గాలిలో ఉంటుంది? నాకు ఆ మూడు ప్రశ్నలే.

చివరికి బస్టాండు దగ్గర హార్డ్‌వేర్ దుకాణానికి పోయాను. దుకాణం ఆయన బిడ్డ మా అంగన్‌వాడీలోనే చదివింది, ఆ మొహమాటం కొంచెం ఉంది.

"ఏం కొడ్తవు టీచరమ్మా దీంతోని?" అన్నాడు.

"కుట్టుమిషన్ కాళ్లు."

"దానికి గన్నెందుకమ్మ? గీ డబ్బా తీస్కపో. ఊపుడు, నొక్కుడు. అయిపాయె."

డబ్బా తీసి దుకాణం వెనుక గోడకు ఆనించిన అట్టపెట్టె మీద కొట్టి చూపించాడు. నొక్కగానే పాము బుస కొట్టినట్టు చప్పుడయింది. ఆ వాసన నాకు తెలుసు. ఆయన పట్నం నుంచి వచ్చినప్పుడల్లా చొక్కాల్లో, తలలో, చివరికి చెమటలో కూడా ఉండేది. రెండడుగులు వెనక్కి వేశాను.

"గిది వద్దు. దీంతోని పాడు వాసన."

"రంగన్నంక వాసన రాదా అమ్మా?"

"రావొద్దు. ఇంకేమున్నయ్?"

అతను లోపలి నుంచి రెండు తెచ్చాడు. ఒకటి చిన్న కంప్రెషర్, గాలి నిలవ చేసే గుండ్రటి ట్యాంకు, దానికి పొడుగు గొట్టం, గొట్టం చివర గన్ను. మా ఆయన చేతిలో ఇరవై ఏళ్లు ఉన్నది అదే రకం. రెండోది చేతిలోనే పట్టుకునేది. మోటరూ, గాలీ, రంగు డబ్బా అన్నీ దాంట్లోనే ఉంటాయి, ప్లగ్గు పెడితే చాలు. కంప్రెషర్‌కు జోరు ఎక్కువ, రంగు పొగలాగా సన్నగా వస్తుందట. చేతిదానికి గాలి ఎక్కువే కానీ జోరు తక్కువ, చుక్కలు కొంచెం లావుగా పడతాయట. "నున్నగ రావాల్నంటె కంప్రెషర్ తీస్కో, దీంతోని అంత సాఫ్ రాదు" అన్నాడు.

"సాఫ్ సంగతి తర్వాత. రంగు ఎంత దూరం ఎగురుతది?"

అతను నా మొహం చూశాడు. "అందరు ఎంత జల్ది అయితదని అడుగుతరు. నువ్వేందమ్మ, ఎగురుడు అడుగుతున్నవ్?"

పాత పేపర్లు అడిగి తీసుకుని, అట్టపెట్టెను గోడకు దూరంగా జరిపి, దాని వెనుక మూరకొకటి చొప్పున నేల మీద పరిచి, పైన రాళ్లు పెట్టాను. "ఇగ కొట్టు" అన్నాను. అతనికి నవ్వు వచ్చింది కానీ కొట్టాడు. ఇద్దరు ముగ్గురు గిరాకీలు వచ్చి నిలబడి చూశారు. టీచరమ్మకు మతి పోయిందనుకుని ఉంటారు, అనుకోనీ. కంప్రెషర్ రంగు చివరి పేపరు దాటి గోడ దాకా పోయింది. కంటికి కనబడలేదు, పేపరు మీద వేలు రాస్తే మాత్రం అంటింది. చేతిదాని రంగు రెండో పేపరు దగ్గరే ఆగిపోయింది, మూడో దాని మీద అక్కడక్కడ నలుసులు. మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో పేపరూ వెలుతురుకు పట్టుకుని చూశాను. పాము చావాలి, కట్టె విరగకూడదు. నాకు కావాల్సింది అది.

"ఇదే ఇయ్యి" అన్నాను.

"ముక్కుకు పెట్టుకునేది గూడ తీస్కో అమ్మా. అటొకటి ఇటొకటి గుండ్రటి డబ్బాలుంటయ్, గాలి వడపోస్తది."

"నాకెందుకు? నాకేం రోగమున్నది?"

"మా దగ్గర కొనేటోళ్లు గూడ గట్లనే అంటరు" అని అతను దాన్ని మళ్లీ మూలకు పెట్టేశాడు.

గన్ను తెచ్చి మంచం కింద జొన్నల బస్తా వెనుక దాచాను. దాచిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. ఆయన ఏదైనా వెతకడానికి వంగితే నేనే ముందు వంగి తీసిచ్చేదాన్ని. నీళ్ల రంగు కలిపిన నీళ్లు చేతికి రాసుకుని వాసన చూశాను, ఆయన పక్కన కూర్చుని చూశాను, ఆయనకు దగ్గు రాలేదు. అయినా నమ్మకం కుదరలేదు. నీళ్ల రంగైతే మాత్రం, నలుసు నలుసే కదా. సగం ఊపిరితో బతికే మనిషికి ఎంత నలుసు చాలు? ఎవరిని అడగాలో తెలియలేదు. డాక్టరును అడిగితే ముందు నన్ను తిడతాడు.

మా కంది చేను మనూర్ దిక్కు ఒక తండా పక్కన ఉంది. కౌలుకు ఇచ్చాం. పూతకాలంలో మాత్రం ఆయన వారానికొకసారి పోయి చూసి వస్తాడు. పని చేయడు, గట్టు మీద కూర్చుంటాడు. ఒక ఆదివారం పొద్దున, "పురుగు వడ్డదేమో చూసొస్త" అని బయలుదేరాడు.

"మందు కొట్టేటోళ్ల దగ్గరికి పోకు" అన్నాను.

"పోనుతియ్."

"గాలికి ఎదురుంగ నడవకు."

"ఇగ గాలికి గూడ నీకు చెప్పే నడవాల్నా?" అని నవ్వాడు. ఆ నవ్వుకు కూడా ఆయనకు ఒక ఊపిరి ఎక్కువ పట్టింది. ఆటో అడ్డా దిక్కు పోతూ కనుమరుగయ్యేదాకా వాకిట్లో నిలబడ్డాను. కనీసం రెండు గంటల సేపు రాడు. ఆ రెండు గంటల్లో కొట్టాలి, ఆరాలి, మిద్దె కడగాలి.

చేయాల్సినవన్నీ చేశాను. కింద కిటికీలన్నీ మూశాను. ఆయన దుప్పటీ, తువ్వాల, దిండు మడిచి పెట్టెలో పెట్టి మూత వేశాను, వాటి మీద రంగు వాలకుండా. ఇనుప కాళ్లు విడదీసే ఉన్నాయి, ఒక్కొక్కటీ నడుముకు ఎత్తుకుని మెట్లెక్కి పైకి చేర్చాను. దండేనికి మూడు పాత చీరలు తడిపి వేసి చుట్టూ తెరలాగా కట్టాను, తడిగుడ్డకు నలుసులు అంటుకుంటాయని. పీలిక కట్టి గాలి ఎటు పోతుందో చూసుకున్నాను. ఎవరూ లేని బీడు దిక్కు పోతోంది. మంచిదే. ముందు అచ్చంగా నీళ్లు పోసి అట్ట మీద కొట్టుకుని చేయి అలవాటు చేసుకున్నాను. తర్వాత రంగును మజ్జిగలాగా పలచన చేసి గన్నులో పోశాను. కొంగు ముక్కు మీదుగా చుట్టి చెవి వెనుక దోపుకున్నాను. ఒక బెల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నాను.

రంగు కొట్టేవాళ్ల ఇళ్లలో బెల్లం సంగతి ఎవరికీ చెప్పాల్సిన పని ఉండదు. బెల్లం తింటే గొంతులో పట్టిన రంగంతా కడుక్కుపోతుంది, రొమ్ము సాఫ్ అవుతుంది. ఆయన పనిచేసిన షెడ్డులో పొద్దుగూకగానే అందరినీ నిలబెట్టి సేటు తలా ఒక ముక్క పెట్టేవాడు. పెళ్లయిన కొత్తలో నేను చూశాను. రెప్పల మీద రంగు, ముక్కు కింద రంగు, చేతిలో బెల్లం. మంచి సేటు అనుకున్నాను. ఇచ్చిన ముక్క చాలదని నేను ఊరి నుంచి పంపేదాన్ని. ఆయన సెలవు అయిపోయి పట్నం పోయే ప్రతిసారీ జహీరాబాద్ దిక్కు నుంచి తెప్పించిన మంచి నల్ల బెల్లం, చీమలు పట్టకుండా గుడ్డలో కట్టి, పైన కవరు చుట్టి సంచిలో పెట్టేదాన్ని. బట్టలు మరిచిపోయిన రోజులున్నాయి కానీ బెల్లం మరిచిపోయిన రోజు లేదు. ఇప్పటికీ సాయంత్రం చాయ తర్వాత ఆయనకు ఒక ముక్క ఇస్తాను. ఆయన చేయి చాచి తీసుకుంటాడు, నోట్లో వేసుకుంటాడు. ఇంత తిన్నా ఇట్లా అయిందంటే, తినకపోతే ఏమయ్యేదోనని నేను అనుకునేదాన్ని.

ప్లగ్గు పెట్టి మీట నొక్కాను. గన్ను ఒక్కసారి తడబడి, తర్వాత గుయ్యిమని మొదలైంది. మొదటి దెబ్బకు రంగు ఉమ్మినట్టు పడింది. దగ్గరగా పెట్టానని తెలిసి జానెడు వెనక్కి జరిపాను. చేయి తిప్పకుండా, ఈ చివర నుంచి ఆ చివరకు. ఆకు మీద పడింది, తీగ మీద పడింది, సందులోకి కూడా పోయింది. సంతోషించాలి కదా. నాకు సంతోషం రాలేదు. ఆ గుయ్యిమనే చప్పుడులో ఇంకే చప్పుడూ వినబడడం లేదు, అదే నా భయం. నాలుగేళ్లలో నా చెవికి ఇల్లు అందని పొద్దు అదొక్కటే. ప్రతి రెండు నిమిషాలకు ఆపి విన్నాను. కోడి కూత, ఎవరిదో బండి. మళ్లీ నొక్కాను. కొంగు తడిసి ముక్కుకు అంటుకుంది. గొంతులో గరగరమంది, రెండుసార్లు దగ్గాను. బెల్లం అటు బుగ్గ నుంచి ఇటు బుగ్గకు మార్చుకున్నాను.

ఒక కాలు అయిపోయి రెండోదానికి తిప్పుతూ ఆపినప్పుడు, కింద మెట్ల మీద చెప్పుల చప్పుడు. మూడు మెట్లు. ఆగింది. మళ్లీ రెండు మెట్లు. ఆగింది. ఆయన మెట్లెక్కే తీరు అది.

చుట్టూ చూశాను. గాలిలో నలుసులు ఇంకా తిరుగుతున్నాయి, ఎండకు మెరుస్తున్నాయి. చీరల మధ్యలో అవి అట్లాగే నిలిచి ఉన్నాయి.

"పైకి రాకు" అని అరిచాను. "ఆడనే ఉండు. నేనే వస్తున్న."

జవాబుకు ఊపిరి దండగని ఆయన మెట్లకు దాచుకున్నాడు. ఇంకో రెండు మెట్లు. నేను గన్ను కింద పెట్టి, అట్టతో గాలిని అటు తోలుతూ, పిచ్చిదానిలాగా విసురుతూ ఉన్నాను. చీర పక్కకు జరిగి ఆయన లోపలికి వచ్చాడు. ఆటో నిండలేదట. అడ్డాలో కూర్చుని కూర్చుని తిరిగి వచ్చాడట. ఇది తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం తేలు కుట్టిన దొంగలాగా నిలబడిపోయాను.

ఆయన గన్నును చూడలేదు. ఇనుప కాళ్లను చూడలేదు. ఇరవై ఏళ్లు గన్ను పట్టిన మనిషి, తడి రంగు మీదికి చూపైనా తిప్పలేదు. నా మొహమే చూశాడు. ముక్కు మీద కొంగు ఎక్కడ బూడిదరంగుకు తిరిగిందో అక్కడే చూశాడు. తర్వాత నా బుగ్గ దిక్కు చూశాడు.

"నోట్లేంది?"

"బెల్లం."

"ఉమ్మెయ్."

"ఏంది?"

"ఉమ్మెయ్. నడువు కిందికి." ఆయన మొహంలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. దవాఖాన మంచం మీద గొంతులో గాలి ఆడనప్పుడు కూడా అంత భయపడలేదు. నా మణికట్టు పట్టుకుని గుంజాడు. నేను కదలకపోతే రెండో చేత్తో భుజం పట్టుకుని గుంజాడు. ఆయన ఊపిరి నాకు తెలుసు కాబట్టి, ఎదురు తిరగకుండా నడిచాను. సగం మెట్లు దిగాక ఆయన చేయి నా మణికట్టు మీద వదులైంది. గోడకు ఆనుకుని, అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

ఊపిరాడనప్పుడు పీల్చే మందు పంపు ఆయన జేబులోనే ఉంటుంది. తీసి ఊపి నోట్లో పెట్టాను. లాగలేకపోయాడు, మందు పెదవుల మీదే పోయింది. గొంతు కింద గుంట లోపలికి పోతోంది, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. ఈలలాంటి చప్పుడు సన్నగా వస్తోంది. ఆ ఈల ఉన్నంతసేపు మంచిదే, అది కూడా ఆగితేనే చావు. "లాగు, కొంచెం లాగు, నా మొహం జూడు" అంటున్నాను. నా చేతులకు ఉన్న రంగు ఆయన గడ్డానికి అంటింది. ఆ చేతులతోనా ఆయనను ముట్టుకుంటున్నాను అనిపించి చేతులు చీరకు తుడుచుకున్నాను, చీర మీదా రంగే. నేనే చంపుకున్నాను అనుకున్నాను. వేరే ఏ ఆలోచనా రాలేదు. ఇంతసేపు గాలిని కొలిచి, పేపర్లు పరిచి, చీరలు తడిపి, చివరికి నా చేతులతో నేనే చంపుకున్నాను.

మూడోసారి మందు లోపలికి పోయింది. నాలుగోసారి కొంచెం ఎక్కువ పోయింది. ఆటో కోసం పక్కింటివాళ్లను పిలుద్దామని లేస్తే చేయి పట్టి ఆపాడు. గోళ్లు చూశాను. పాలిపోయి ఉన్నాయి కానీ నీలం కాలేదు. మెల్లగా, చాలా మెల్లగా, గొంతు కింద గుంట నిండింది. మెట్ల మీద ఎండ ఒక మెట్టు కిందికి దిగేదాకా అట్లాగే కూర్చున్నాం.

అప్పుడు మాట్లాడాడు. ఒక్కో మాటకు ఆగి మాట్లాడాడు.

"బెల్లంతోని... ఏం కాదు."

"ఏం కాదంటే?"

"డాక్టర్... గప్పుడే చెప్పిండు. ముక్కుకు ఏం కట్టుకుంటుంటివని అడిగిండు. నేను... బెల్లం తింటుంటి సార్ అన్న. ఆయన పెన్ను కింద వెట్టిండు. తిన్నది కడుపులకు పోతది... పీల్చింది ఊపిరిలకు పోతది. రెంటికి తొవ్వలు వేరు. ఇరవై ఏండ్లు... ఎవడన్న చెప్పలేదా నీకు... అన్నడు."

నేను మందుల వరుసలో నిలబడ్డ రోజు అది.

"గట్లైతే రోజు నేనిస్తే ఎందుకు తింటున్నవ్?"

"నువ్విస్తున్నవని."

"నాకు చెప్పొద్దా?"

"ఏమని చెప్పాలె?" అన్నాడు. ఊపిరి కోసం ఆగాడు. "ఇరవై ఏండ్లు... నువ్వే కట్టి పంపితివి."

తర్వాత నా వీపు మీద అరచేయి పెట్టి, "గట్టిగ పీల్చు" అన్నాడు. పీల్చాను. "మల్ల." పీల్చాను. "దగ్గు." దగ్గాను. ఆయన తల వంచి, నా వీపుకు చెవి ఆనించి విన్నాడు. ఆయన రొమ్ములో ఈల ఇంకా పోలేదు, ఆ ఈలతోనే నా ఊపిరి వింటున్నాడు. "నీకు చెప్పకుంటిని. చెప్పకుంటేనే గద నువ్వు గూడ అదే తిని కొడ్తున్నవ్" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ముందు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. నాలుగేళ్లు నన్ను పిచ్చిదాన్ని చేశావా అనాలి. నా చేతి నుంచి తీసుకుని తిని, లోపల ఏమనుకున్నావో చెప్పమనాలి. నీకు ముక్కుకు కట్టుకునేది ఒక్కటి కొనివ్వకుండా బెల్లం పెట్టి పని చేయించుకున్న ఆ సేటును తిట్టాలి, ఆ సేటును మంచివాడనుకున్న నన్ను తిట్టాలి. ఆ బెల్లం నేను కట్టి పంపకపోయి ఉంటే, ఒక్కసారైనా భయపడి ముక్కుకు ఏదైనా కట్టుకుని ఉండేవాడివా అని అడగాలి. అన్ని మాటలూ ఒక్కసారే గొంతు దాకా వచ్చాయి. నా నోటి సంగతి నాకు తెలుసు, మొదలుపెడితే వాకిలి దాకా వినబడుతుంది.

కానీ నేను ఒక మాట అంటే ఆయన జవాబు చెబుతాడు. మూడు మాటల జవాబుకు ఆయన రెండుసార్లు ఊపిరి తీసుకోవాలి. ఒక్కో ఊపిరికి భుజాలు ఎంత పైకి లేస్తున్నాయో చూస్తూనే ఉన్నాను.

నేను నోరు మూసుకున్నాను. ఆయన పక్కన, అదే మెట్టు మీద జరిగి కూర్చున్నాను.

ఆయనే నా దిక్కు తిరిగి, "ఏమన్న అనరాదా నన్ను?" అన్నాడు.

నేను ఏమీ అనలేదు.